ప్రాణం నిలిపే చదువు ఫర్జె కిఫాయా కాదా?

మూడేళ్ల కిందట వేసవిలో ఒక జుమా నాడు మా మహల్లా మసీదులో జరిగిన సంగతి ఇది. రెండవ రకాత్‌లో ఉన్నాం. నా ముందు వరుసలో నిలుచున్న ఒక పెద్దాయన, మా వీధిలో నలభై ఏళ్లుగా షేర్వానీలు కుట్టిన దర్జీ, రుకూలోకి వంగబోతూ పక్కకు ఒరిగి పడిపోయారు. తల నేలకు తగిలిన చప్పుడు నాకు వినిపించింది. ఆ తరువాత ఆయన గొంతులోంచి గురక లాంటి శబ్దం రెండు మూడుసార్లు వచ్చింది. ఇమాం సాహెబుకు వెనుక జరిగింది తెలియదు. పక్కనున్న ఇద్దరు కాస్త జరిగి చోటిచ్చారు. ఎవరూ నమాజు తెంపలేదు. నేనూ తెంపలేదు. రుకూ, రెండు సజ్దాలు, అత్తహియ్యాతు, దరూదు, దుఆ, కుడికీ ఎడమకీ సలాం. తరువాత లెక్క వేసుకుంటే మూడు నిమిషాలకు తక్కువ కాదు.

సలాం తిప్పగానే అందరం ఆయన మీదికి వంగాం. ఒకరు వజూఖానా నుంచి నీళ్లు తెచ్చి నోట్లో పోశారు. ఒకరు అరికాళ్లు రుద్దారు. ఉల్లిగడ్డ తెచ్చి వాసన చూపించమని ఒకరు కేకవేశారు. గాలి ఆడనివ్వండి అంటూనే ఇంకో ఇరవై మంది చుట్టూ చేరారు. చివరికి నలుగురు కలిసి ఆయనను లేపి, ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, తల ముందుకు వాలిపోతూ ఉండగా తీసుకువెళ్లారు. ఆస్పత్రి చేరేసరికే ప్రాణం పోయిందని అక్కడివారు చెప్పారు. నమాజులో పోయాడు, ఎంత అదృష్టవంతుడని జనాజా నాడు అందరూ అన్నారు. నేనూ అన్నాను.

పది రోజుల తరువాత నా పాత విద్యార్థిని ఒకమ్మాయి వాళ్ల అబ్బాతో కలిసి మా ఇంటికి వచ్చింది. మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ పూర్తిచేసి, అప్పుడే హైదరాబాదులో 108 ఆంబులెన్సులకు ఎమర్జెన్సీ మెడికల్‌ టెక్నీషియన్‌గా, వాళ్ల మాటల్లో ఈఎంటీగా, శిక్షణ పొందుతోంది. మాటల్లో దర్జీ సాహెబ్‌ సంగతి వచ్చింది. నేను జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"మౌల్సాబ్‌, ఎవరైనా ఛాతీ మీద నొక్కారా?"

లేదన్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. గురువును తప్పుపట్టడం ఇష్టం లేక ఊరుకుందని తెలుస్తూనే ఉంది. నేనే గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. గురకలాగా వినిపించింది ఊపిరి కాదట. గుండె ఆగిపోయిన తరువాత కొద్దిసేపు వచ్చే ఎగశ్వాస అట. అది చూసి ఇంకా ఊపిరి ఆడుతోందని జనం మోసపోతారట. ఆ క్షణాన వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమి ఎముక మీద రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టాలి. గుండె ఆగాక నాలుగైదు నిమిషాలలో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఏమీ చేయకుండా గడిచిన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతుల చొప్పున తగ్గుతూ పోతుంది. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మేము చేసినవన్నీ చేయకూడనివే. చేయవలసింది ఒక్కటీ చేయలేదు.

నొక్కి ఉంటే ఆయన బతికేవారా అని అడిగాను. "అది అల్లాహ్‌ చేతిలో ఉంది మౌల్సాబ్‌. నొక్కడం మన చేతిలో ఉంది" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి ఆమె మాట ఒక్కటే కారణం కాదు. పగలు బడిలో ఉర్దూ చెప్పే నేను, ఏళ్ల తరబడి సాయంత్రాలు మసీదులో పిల్లలకు ఫిఖ్‌హ్‌ పాఠం చెబుతున్నాను. మదరసాలో చదివిన ప్రతివాడూ తొలి సంవత్సరాలలోనే చదివే గ్రంథం నూరుల్‌ ఈజాహ్‌. 11వ హిజ్రీ శతాబ్దికి చెందిన ఇమాం షురుంబులాలీ (రహ్మ.) రచన. అందులో నమాజు తెంపడం ఎప్పుడు తప్పనిసరి, ఎప్పుడు అనుమతి అన్న మసాయెల్‌ ఉన్నాయి. ఆపదలో ఉన్నవాడు సాయం కోసం మొరపెడితే నమాజు తెంపి వెళ్లడం వాజిబ్‌. బావిలో పడబోతున్న గుడ్డివాడి గురించీ, నీటిలో మునుగుతున్నవాడి గురించీ, నిప్పంటుకున్నవాడి గురించీ మన ఫుఖహా ఇదే చెప్పారు. నమాజును తరువాత తిరిగి చేసుకోవచ్చు. పోయిన ప్రాణం తిరిగిరాదు. ఈ మసలా నాకు కంఠతా వచ్చు. పరీక్షలో అడిగి, తప్పు రాసిన పిల్లలకు మార్కులు కోసినవాణ్ణి. నా కళ్లెదుట మనిషి పడిపోయినప్పుడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఒకవేళ తెంపి ఉన్నా నాకు తెలిసిన వైద్యం ఏముంది? నేనూ నీళ్లే పోసి ఉండేవాణ్ణి. చదివిన మసలా పనికిరాలేదు, పనికివచ్చే విద్య చదవలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

శిక్షణలో ఏం నేర్పుతారు?

ఆంబులెన్సు అంటే శవాన్ని మోసే బండి అని మన పెద్దలు అనుకునేవారు. అందులో తప్పేమీ లేదు. ఒక డ్రైవరు, ఒక పరుపు, ఒక సైరను, అంతే ఉండేది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైనప్పటి నుంచి తెలుగునాట ఆ మాటకు అర్థం మారింది. తరువాత అది రాష్ట్రమంతటికీ, ఆపైన దేశంలోని అనేక రాష్ట్రాలకూ పాకింది. బండి నడిపేవారిని పైలట్‌ అంటారు. వెనుక రోగి పక్కన కూర్చునేవారు ఈఎంటీ. ఆస్పత్రి చేరేలోపల జరగవలసిన వైద్యం వీరి చేతిలో ఉంటుంది. వీరు డాక్టర్లు కారు. సందేహం వచ్చినచోట కేంద్రంలో ఉండే డాక్టరుకు ఫోను చేసి, రోగి స్థితి చెప్పి, ఆయన చెప్పిన ప్రకారం మందు ఇస్తారు.

మా అమ్మాయి పొందిన శిక్షణ రెండు నెలలకు అటూఇటూగా సాగింది. హైదరాబాదు శివార్లలో మేడ్చల్‌ దారిలో దేవరయాంజాల్‌ వద్ద ఉన్న కేంద్రంలో తరగతులు. ఆ తరువాత ఆస్పత్రి క్యాజువాలిటీలో కొన్నాళ్లు, అనుభవం ఉన్న ఈఎంటీల వెంట ఆంబులెన్సులో కొన్నాళ్లు. మొదటి పాఠం రోగి గురించి కాదట, తన గురించేనట. చోటు చేరగానే ముందు చుట్టూ చూడాలి. తెగిన కరెంటు తీగ ఉందా, పెట్రోలు కారుతోందా, దారి మీద లారీలు వస్తున్నాయా? కాపాడబోయినవాడు తానే పడిపోతే ఇద్దరు రోగులవుతారు. చేతి తొడుగులు లేకుండా నెత్తురు ముట్టకూడదు.

తరువాత గుండె పాఠం. రబ్బరు బొమ్మ మీద నేర్పుతారు. పెద్దవారికి ఛాతీ 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా లోపలికి దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. 30 సార్లు నొక్కి 2 సార్లు ఆంబు సంచితో ఊపిరి అందించాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకే చెమట కారుతుందట, అందుకే మనిషి మారాలి. ఈ బొమ్మకు ఒక చరిత్ర ఉంది. 1960లో నార్వే దేశానికి చెందిన ఆస్మండ్‌ లార్డాల్‌ అనే బొమ్మల వ్యాపారి దీన్ని మొదట తయారుచేశాడు. (మా మహల్లాలో ఒక పెద్దమనిషికి ఈ సంగతి చెబితే, మనిషి బొమ్మతో చదువేమిటి, ఇది జాయిజేనా అని అడిగారు. దానికి ఎవరూ సజ్దా చేయడం లేదు హజ్రత్‌, దాని గుండె నొక్కుతున్నారంతే అన్నాను. నవ్వి ఊరుకున్నారు.)

రోడ్డు ప్రమాదాల పాఠం మా జిల్లావారికి బాగా అవసరం. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మా పక్కనుంచే పోతుంది. పడినవారిని చేతులు, కాళ్లు పట్టుకుని గోనెసంచిలా ఎత్తడం మన అలవాటు. మెడ ఎముక విరిగి ఉంటే, ఆ ఎత్తడంతోనే వెన్నుపాము తెగి జన్మంతా మంచాన పడవచ్చు. శిక్షణలో ఒకరు తలను కదలకుండా పట్టుకోగా, మెడకు కాలర్‌ వేసి, ముగ్గురు కలిసి ఒక్కమాటగా దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పి, వెనుక పలక జరుపుతారు. హెల్మెట్టు తీయడానికి ఇద్దరు కావాలి. నెత్తురు కారుతుంటే పసుపో, కాఫీపొడో అద్దడం కాదు, శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టడం. కదలనివ్వకుండా విరిగిన కాలికి చెక్క కట్టడం. ఇవి పెద్ద విద్యలేమీ కావు, చేయి అలవాటు పడాలి అంతే. అలవాటు పడే వరకు అవే పనులు నూరుసార్లు చేయిస్తారట.

పల్లెల్లో పురుగుమందు తాగినవారి కేసులు వస్తాయి. చాలామంది చేసే పని ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం. అది ప్రమాదం. విషం పడిన బట్టలు విప్పి, ఒళ్లు కడిగి, నోట్లో నురగ తీసివేసి, ఊపిరి అందేలా చూస్తూ ఆస్పత్రికి చేర్చాలి. పాము కాటుకు తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం పనికిరావు. కరచిన చేతినో కాలినో కదలకుండా కట్టి, విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి పోవాలి. మన దేశంలో ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. ఇక పక్షవాతం. మూతి వంకర పోయిందా, చేయి లేస్తోందా, మాట తడబడుతోందా అని మూడు చూస్తారు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే మందు 4.5 గంటలలోపే ఇవ్వాలి. మన ఇళ్లలో ఆ 4.5 గంటలూ పావురం నెత్తురు పూసేవాడి కోసం తిరగడానికే సరిపోతున్నాయి. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే మా చిన్నాన్న విషయంలో మేము చేసిందీ అదే.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరచింది కాన్పుల సంగతి. 108కి వచ్చే పిలుపుల్లో గర్భిణులవి చాలా ఉంటాయి. దారిలోనే కాన్పు అయిపోతుంది. బండి పక్కకు ఆపి, వెనుక తలుపు మూసి ఈఎంటీ కాన్పు చేయాలి. బిడ్డ తల నెమ్మదిగా వచ్చేలా చేయి అడ్డం పెట్టడం, మెడకు పేగు చుట్టుకుని ఉంటే తప్పించడం, తుడిచి పొడిగా చేసి తల్లి ఒంటి మీద పడుకోబెట్టడం, బొడ్డుతాడుకు క్లిప్పులు వేసి కోయడం, మాయ పడ్డాక నెత్తురు ఆగేలా పొత్తికడుపు మర్దన చేయడం. బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోపే చిన్న ఆంబు సంచితో ఊపిరి ఇవ్వాలి. ఆ ఒక్క నిమిషాన్ని శిక్షణలో బంగారు నిమిషం అంటారట. ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో ఆమె మొదటి కాన్పు చేసింది. అర్ధరాత్రి రెండు గంటలకు, వానలో, దారి పక్కన. తల్లి లంబాడీ తండా ఆడమనిషి. బిడ్డ ఏడ్చిన తరువాత తానూ ఏడ్చానని చెప్పింది.

మదీనా గుడారం

ఇదంతా మనకు కొత్త విద్య అనుకోవద్దు. హిజ్రీ 5వ సంవత్సరంలో ఖందక్‌ యుద్ధంలో హజ్రత్‌ సఅద్‌ బిన్‌ ముఆజ్‌ (రజి.) చేతి నరానికి బాణం తగిలి నెత్తురు కారింది. దైవప్రవక్త (స) ఆయన కోసం మస్జిదె నబవీ ఆవరణలోనే గుడారం వేయించారు. గాయపడినవారికి సేవచేసే రుఫైదా అస్లమియా (రజి.) గుడారంలో ఆయనను ఉంచారని సీరత్‌ గ్రంథాలు చెబుతున్నాయి. మసీదు ఆవరణలో వైద్య గుడారం! మన మసీదులలో ఇవాళ ఒక కట్టుగుడ్డ దొరకదు.

హజ్రత్‌ రుబయ్యి బిన్త్‌ ముఅవ్విజ్‌ (రజి.) గురించి సహీహ్‌ బుఖారీలో ఉంది. తాము యుద్ధభూమిలో సైనికులకు నీళ్లు అందించేవారమని, గాయపడినవారిని మదీనాకు చేరవేసేవారమని ఆమె స్వయంగా చెప్పారు. గాయపడినవారిని చేరవేయడం అంటే ఏమిటి? నేటి మాటలో ఆంబులెన్సు పనే. హజ్రత్‌ ఉమ్మె అతియ్యా (రజి.) ఏడు యుద్ధాలలో పాల్గొని గాయాలకు చికిత్స చేశారు. ఈ పేర్లు మనం మీలాదు జల్సాలలో గర్వంగా చెప్పుకుంటాం. జల్సా అయ్యాక మన ఆడపిల్ల ఆ పనికి పోతానంటే వద్దంటాం.

ప్రాణం నిలపడం గురించిన అల్‌ మాయిదా సూరా 32వ ఆయత్‌ను ఖతీబులు ఎన్ని జుమాలలో వినిపించారో లెక్కలేదు. నేనూ వినిపించాను. ప్రాణం ఎలా నిలుపుతారో మాత్రం ఒక్క ఖుత్బాలోనూ చెప్పలేదు.

ఇమాం గజాలీ (రహ్మ.) 505 హిజ్రీలో మరణించారు. ఇహ్యా ఉలూమిద్దీన్‌లోని విద్యాప్రకరణంలో ఆయన వైద్యాన్ని ఫర్జె కిఫాయా అన్నారు. అంటే ఊరిలో తగినంత మంది నేర్చుకుంటే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ నేర్చుకోకపోతే అందరూ దోషులే. అంతటితో ఆగలేదు ఆయన. ఎన్నో ఊళ్లలో ముస్లిం వైద్యుడే లేడని, ఈ ఫర్జును పట్టించుకునేవారు లేక అందరూ ఫిఖ్‌హ్‌ వాదోపవాదాల మీదే ఎగబడుతున్నారని బాధపడ్డారు. 900 ఏళ్లు దాటాయి. ఈ ముక్క చదివినప్పుడల్లా ఆయన మా మహల్లాను చూసి రాశారేమో అనిపిస్తుంది. ఇక్కడ రఫయదైన్‌ మీద గంటసేపు వాదించగలిగినవారు పదిమంది దొరుకుతారు. నాడి పట్టి నిమిషానికి ఎన్ని కొట్టుకుంటున్నదో లెక్కపెట్టగలిగినవారు ఒక్కరు దొరకరు.

పేటవారే పేటకు

ఇలాంటి పని ఒక పేదపేట ఎలా చేసిందో చెప్పే ఉదాహరణ అమెరికాలో ఉంది. పిట్స్‌బర్గ్‌ నగరంలో హిల్‌ డిస్ట్రిక్ట్‌ అని నల్లవారి పేట. 1960లలో అక్కడ ఎవరికైనా ఆపద వస్తే పోలీసు బండి వచ్చేది. రోగిని వెనుక పడేసి ఇద్దరు పోలీసులు ముందు కూర్చునేవారు, లోపల చూసేవారు ఉండరు. అసలు బండి రాని రోజులూ ఉండేవి. ఛాతీ నొక్కి, ఊపిరి ఇచ్చి బతికించే పద్ధతికి రూపమిచ్చినవారిలో ఒకరైన డాక్టర్‌ పీటర్‌ సఫర్‌ ఆ నగరంలోనే ఉండేవాడు. 1966లో ఆయన సొంత కూతురు ఉబ్బసంతో చనిపోయింది. మరుసటి సంవత్సరం ఆయన, ఫ్రీడం హౌస్‌ అనే సంస్థ కలిసి ఆ పేటలోనే పనీపాటా లేని యువకులను ఏరి, దాదాపు 300 గంటల శిక్షణ ఇచ్చారు. వారిలో హైస్కూలు పూర్తిచేయనివారూ ఉన్నారు. వీళ్లవల్ల అయ్యే పని కాదని నగరమంతా అనుకుంది. కొద్దికాలంలోనే వారు ఆ దేశంలోని ఉత్తమ ఆంబులెన్సు సిబ్బందిలో ఒకరనిపించుకున్నారు. తరువాత వారికి వైద్య పర్యవేక్షకురాలైన డాక్టర్‌ నాన్సీ కరోలిన్‌ అక్కడి అనుభవంతో తయారుచేసిన పాఠాలే దేశమంతటి పారామెడిక్‌ శిక్షణకు పునాది అయ్యాయి. 1975లో నగరపాలన సొంత సేవ పెట్టుకుని ఫ్రీడం హౌస్‌ను మూసివేసింది. ఆ అన్యాయం వేరే కథ.

మన గల్లీలకూ ఈ కథకూ సంబంధం ఉంది. ఆంబులెన్సు గల్లీ మొగదాకా వస్తుంది, లోపలికి రాదు. మోటారు సైకిళ్లు అడ్డం, షాదీ షామియానా అడ్డం, డ్రైనేజీ పలకలు అడ్డం. ఫోనులో దారి చెప్పేవారు "మసీదు పక్కన" అంటారు. ఊరిలో మసీదులు ఎన్ని ఉన్నాయి? తెలుగు సరిగా రాని ముసలమ్మ ఉర్దూలో చెప్పే నొప్పి అవతలివారికి సగమే అర్థమవుతుంది. ఆ బండిలో మన పిల్ల ఒకతె ఉంటే దారీ తెలుస్తుంది, భాషా తెలుస్తుంది. అలాగని మన పిల్లలు మనవారికే అని నేను అనడం లేదు. మా అమ్మాయి మొదటి కాన్పు ఎవరికి చేసిందో పైనే చెప్పాను.

చేరాలంటే ఏం చదవాలి? 108లో జీవశాస్త్రాలతో డిగ్రీ, నర్సింగు, ఫార్మసీ వంటివి చదివినవారిని తీసుకుంటూ వచ్చారు. ఇంటర్‌లో సైన్సు చదివినవారికి నైపుణ్యాభివృద్ధి పథకాల కింద ఈఎంటీ బేసిక్‌ కోర్సులు ఉన్నాయి. డిగ్రీ స్థాయిలో అత్యవసర వైద్యానికి చెందిన అలైడ్‌ హెల్త్‌ కోర్సులూ వచ్చాయి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్‌ చట్టం ఎమర్జెన్సీ మెడికల్‌ టెక్నాలజిస్టును గుర్తింపు పొందిన వృత్తులలో చేర్చింది. నేను చదివినటువంటి మదరసా సనదుతో నేరుగా వీటిలో చేరడం కుదరదు. ఈ మాట తల్లిదండ్రులకు ముందే తెలియాలి. ఓపెన్‌ స్కూలు ద్వారా పది, ఇంటర్‌ పూర్తిచేసే దారి ఉంది. హైదరాబాదులోని మౌలానా ఆజాద్‌ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మదరసా విద్యార్థుల కోసం బ్రిడ్జి కోర్సులు నడిపింది. ఉర్దూలో చదివినవాడికి వైద్యం ఎక్కడిది అని నిరాశపడేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. నిజాం కాలంలో ఉస్మానియాలో డాక్టరు చదువు మొత్తం ఉర్దూలోనే సాగింది.

పని సుఖమైనదని ఎవరికీ చెప్పను. పన్నెండు గంటల షిఫ్టులు, రాత్రి డ్యూటీలు, కాంట్రాక్టు కొలువు, పనికి తగిన జీతం కాదు. తాగినవాళ్లు తిడతారు. ఆలస్యమైందని బంధువులు చేయి చేసుకున్న సందర్భాలూ ఉంటాయి. ఒక్కోసారి పసిబిడ్డ చేతిలోనే పోతుంది. ఆ రోజు అన్నం సహించదని మా అమ్మాయి చెప్పింది.

పరదా సంగతి

ఆమె ఈ కొలువులో చేరుతుందని తెలిసినప్పుడు మహల్లాలో కొందరు వాళ్ల అబ్బాను ఆపి అడిగారు. పరాయి మగవారిని ముట్టుకోవాలి కదా, రాత్రిళ్లు తిరగాలి కదా అని. నా దగ్గరికీ వచ్చారు, ఫత్వా చెబుతానని. నేను ముఫ్తీని కాను. అయినా చదివిన చదువు ప్రకారం చెప్పాను. చికిత్స అవసరమైనచోట అవసరమైనంత మేరకు చూడడం, తాకడం మన ఫుఖహా అనుమతించినదే. అవసరం తీరగానే ఆ అనుమతీ ముగుస్తుంది. ఇక తండ్రి భయం వేరు. కూతురు అర్ధరాత్రి బండిలో పోతుంటే ఏ తండ్రికైనా గుండె గుబగుబలాడుతుంది. దానికి కితాబులో జవాబు లేదు. ఆ తండ్రి మొదటి ఆరు నెలలు ప్రతి రాత్రి డ్యూటీకీ తానే స్కూటరు మీద దింపి, పొద్దున తీసుకువచ్చేవాడు.

పరదా పేరుతో వద్దన్న పెద్దలను మాత్రం నేను తిరిగి అడిగాను. రాత్రి రెండు గంటలకు మీ కోడలికి దారిలో నొప్పులు వస్తే ఆ బండిలో ఎవరు ఉండాలని కోరుకుంటారు? మగపిల్లవాడా, ఆడపిల్లా? ఆడపిల్లే అన్నారు అందరూ. ఆ ఆడపిల్ల ఏ ఇంటి నుంచి రావాలి? దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు. పరదా పాటించే ఇళ్లవారే ముందుగా ఆడపిల్లలను ఈ చదువుకు పంపాలి అన్నది నా అభిప్రాయం. ఇందులో నాతో ఏకీభవించని ఆలిములు ఉన్నారు, వారి మీద గౌరవం ఉంది.

రోడ్డు మీద పడినవారిని ముట్టుకుంటే పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయం ఇంకా పోలేదు. సాయం చేసినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఏ సెక్షను చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవారి మీద ఆ ప్రమాదం విషయంలో కేసు పెట్టడానికి లేదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టడానికీ లేదు.

మొన్న శీతాకాలంలో మా మసీదు కమిటీని ఒప్పించి, ఒక ఆదివారం అసర్‌ నమాజు తరువాత ఆవరణలో ఛాతీ నొక్కే పద్ధతి నేర్పించాం. ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. మగవారికి ఆమె తోటి ఈఎంటీ ఒకతను నేర్పాడు, పక్కనున్న బడి గదిలో ఆడవారికి ఆమె నేర్పింది. మగవారు నలభై మంది దాకా వచ్చారు, ఆడవారు అంతకన్నా ఎక్కువ. మా ముఅజ్జిన్‌ సాహెబుకు మోకాళ్ల నొప్పి. అయినా కూర్చుని, మోచేతులు వంచకుండా సరిగ్గా నొక్కారు. బొమ్మలో సరైన లోతు దిగితే టిక్కుమని చప్పుడు వస్తుంది. నేను నొక్కితే మొదట ఆ చప్పుడు రాలేదు. పాఠం చెప్పే చేతులకు బలం తక్కువ. ఇంకా లోతుగా అని ఆ కుర్రవాడు మూడుసార్లు చెప్పాక వచ్చింది. దర్జీ సాహెబ్‌ కొడుకు కూడా వచ్చాడు. చివరిదాకా వెనుక నిలబడి చూశాడు కానీ, బొమ్మ దగ్గరికి రాలేదు. నేను పిలవలేదు.

అప్పుడే ఇంకో సంగతి తేలింది. మా మసీదు గేటు లోపల చెప్పుల అర మూలగా స్ట్రెచరు తిరిగేంత జాగా లేదు. ఆ అరను గోడ అవతలికి జరపాలి. ఇమాం సాహెబ్‌ వినేలా, ఎవరైనా పడిపోతే వెంటనే నమాజు తెంపవలసినవారు ఇద్దరిని ప్రతి జుమాకూ వెనుక వరుసలో ముందే నియమించాలని కూడా అడిగాను. అర సంగతికి కమిటీ ఒప్పుకుంది. రెండవ సంగతి మీద వచ్చే జుమా తరువాత కూర్చుంటామన్నారు.